కబడ్డీలో భుజం జారిన పిల్లోణ్ణి మళ్ళీ కోర్టులోకి ఎప్పుడు దించాలి?

ప్రొద్దుటూరు_పీడీ
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను జూనియర్ కాలేజీలో పీడీని, అంటే ఆటల మాస్టార్ని. మా జట్టులో లెఫ్ట్ కార్నర్ ఆడే పిల్లోడికి పోయిన నెల మ్యాచ్‌లో కుడి భుజం కీలు తప్పింది. వయసు 18. కూతకొచ్చినవాడు తిరిగి పోతుంటే వీడు చెయ్యి చాచి నడుము పట్టుకున్నాడు. అవతలివాడు విదిలించుకుని గీత వైపు దూకేసరికి వీడి చెయ్యి బయటికి, వెనక్కి లాగేసింది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, మత్తిచ్చి సరిచేశారు. మళ్ళీ ఎక్స్‌రే తీసి కీలు కూర్చుందని చెప్పారు. మూడు వారాలు స్లింగ్ వేసుకున్నాడు.

ఇప్పుడు నొప్పి లేదంటాడు. నీళ్ళ బకెట్ ఎత్తుతున్నాడు, పుషప్స్ కూడా తీస్తున్నాడు. జిల్లా సెలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి. వాళ్ళ నాయన, జట్టు పిల్లలు అందరూ ఆడించమనే అంటున్నారు. కానీ చెయ్యి పైకెత్తి వెనక్కి తీసుకెళ్ళమంటే చాలు, వాడి ముఖం మారిపోతుంది, చెయ్యి బిగబట్టి కిందికి దించేస్తాడు. అది చూసి నాకు ధైర్యం చాలడం లేదు. నొప్పి లేదంటే మానినట్టేనా? ఏం చూసి ఆడించాలి?

---

పాతకాలం_రైడర్
ఆదివారం, రాత్రి 10:15

పీడీ సార్, మా రోజుల్లో రెక్క జారితే కట్టు కట్టించుకునేవాళ్ళం. ఆముదం రాసి మర్దన చేయించుకుని, మళ్ళీ తిరునాళ్ళ నాటికి ఆడేవాళ్ళం. పిల్లోడిది లేత వయసు, తొందరగా అతుక్కుంటుంది. మరీ టెన్షన్ పెట్టుకోవద్దండి. పదిహేను రోజులు మర్దన చేయించండి, చాలు.

---

ఫిజియో_కడప
సోమవారం, ఉదయం 6:50

పెద్దాయనా, మీ మాట కాదంటున్నానని అనుకోవద్దు. మర్దన వల్ల బిగుసుకున్న కండరం కాస్త వదులవుతుంది, అంతవరకు సుఖమే. కానీ భుజం జారినప్పుడు దెబ్బ తగిలేది కండరానికి ఒక్కదానికే కాదు.

భుజం కీలు చిన్న సాసర్ మీద పెద్ద బత్తాయిని నిలబెట్టినట్టు ఉంటుంది. చేతి ఎముక పై కొనన ఉండే బంతిలో పావు నుంచి మూడో వంతు భాగం మాత్రమే ఒక సమయంలో, భుజం వెనకుండే రెక్క ఎముక మీది గిన్నెకు ఆనుకుని ఉంటుంది. అందుకే చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది, అందుకే అన్ని కీళ్ళకంటే ఇది ఎక్కువగా తప్పుతుంది. గిన్నె అంచు చుట్టూ లేబ్రమ్ అనే గట్టి అంచు ఉంటుంది. బంతి ముందుకు దూకినప్పుడు ఆ అంచు గిన్నె నుంచి ఊడుతుంది, దానితోపాటు కీలును పట్టి ఉంచే లిగమెంట్లు సాగుతాయి. మూడు నాలుగు వారాలకు వాపు తగ్గుతుంది, నొప్పీ పోతుంది. ఊడిన లేబ్రమ్ మాత్రం చాలాసార్లు దాని చోటికి రాదు, కాస్త కిందికి జరిగి అతుక్కుంటుంది. కాబట్టి నొప్పి పోయిందన్నది ఆటకు అనుమతి కాదు.

సార్, మీ పిల్లోడు చెయ్యి వెనక్కి తీసుకెళ్తే బిగబట్టడం చాలా ముఖ్యమైన సంగతి. దాన్ని మేం అప్రిహెన్షన్ అంటాం. బంతి జారబోతోందని శరీరం ముందే కనిపెట్టి అడ్డుకోవడం అది. మీరు దాన్ని గమనించడం మంచిదైంది.

మూడు విషయాలు చెప్పండి. ఇదే మొదటిసారా? భుజం బయటి వైపు, చొక్కా చేతి మీద బ్యాడ్జి కుట్టే చోట, తిమ్మిరి ఉందా లేక ఉండేదా? ఎమ్మారై ఏమైనా తీశారా?

---

ప్రొద్దుటూరు_పీడీ
సోమవారం, సాయంత్రం 5:30

మేడం, పిల్లోణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. సంక్రాంతికి ఊళ్ళో ఆడినప్పుడు ఒకసారి జారి దానంతట అదే లోపలికి వెళ్ళిపోయిందట. ఇంట్లో ఆట మాన్పిస్తారని ఎవరికీ చెప్పలేదు. ఈసారి మొదటి వారం భుజం బయటి వైపు మొద్దుబారినట్టు ఉండేదట, ఇప్పుడు లేదు. ఎమ్మారై తీయలేదు.

---

ఆర్థో_కర్నూలు
సోమవారం, రాత్రి 11:20

అయితే ఇది రెండోసారి కిందే లెక్క. దానంతట అదే లోపలికి వెళ్ళినా జారడం జారడమే. నేను ఎముకల విభాగంలో పీజీ చేస్తున్నాను. డ్యూటీ మధ్యలో రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

మొద్దుబారడం ఆగ్జిలరీ నరం సాగడం వల్ల వస్తుంది. చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. అయినా చెయ్యి పక్కకు ఎత్తే డెల్టాయిడ్ కండరం పూర్తి బలంతో పనిచేస్తోందో లేదో ఒక డాక్టర్ చేత్తో పట్టి చూడాలి.

ఇక అసలు విషయం. భుజం జారుళ్ళు నూటికి 95 దాకా ముందు వైపే ఉంటాయి. గిన్నె ముందు కింది అంచున లేబ్రమ్ ఊడటాన్ని బ్యాంకార్ట్ గాయం అంటాం. బ్యాంకార్ట్ అనే సర్జన్ 1923లో దాని గురించి రాశాడు. బంతి బయటికి దూకినప్పుడు దాని వెనక భాగం గిన్నె అంచుకు గుద్దుకుని నొక్కు పడుతుంది. అది హిల్-శాక్స్ గాయం, 1940లో ఇద్దరు రేడియాలజిస్టులు వివరించారు. జారిన ప్రతిసారీ ఈ రెండూ ఇంకాస్త పెరుగుతాయి. గిన్నె అంచు ఎముక అరిగిపోతుంది. నేను భయపడేది దానికే. లేబ్రమ్‌ను కుట్టవచ్చు, అరిగిన ఎముకను కుట్టలేం.

ఇరవై ఏళ్ళలోపు, ఒంటికి ఒళ్ళు తగిలే ఆట ఆడే కుర్రాళ్ళలో ఒకసారి జారిన భుజం మళ్ళీ జారే అవకాశం సగానికి పైనే. నలభై దాటినవాళ్ళకు మళ్ళీ జారడం తక్కువ, వాళ్ళకు రొటేటర్ కఫ్ (బంతిని పట్టి ఉంచే చిన్న కండరాలు) చిరిగే బెడద ఎక్కువ. అందుకే పాతకాలం రైడర్ గారూ, లేత వయసు ఇక్కడ కలిసొచ్చే అంశం కాదు, నష్టం చేసే అంశం.

2007లో ఇద్దరు సర్జన్లు 10 పాయింట్ల లెక్క ఒకటి ఇచ్చారు. కీహోల్ పద్ధతిలో (చిన్న రంధ్రాలు పెట్టి) లేబ్రమ్ కుడితే నిలుస్తుందా లేదా అని అంచనా వేయడానికి. ఆపరేషన్ నాటికి వయసు 20 లోపు ఉంటే 2, పోటీ స్థాయి ఆటగాడైతే 2, ఒంటికి తగిలే ఆటో, చెయ్యి తల మీదికి బలంగా విసిరే ఆటో అయితే 1, ఒళ్ళంతా వదులు కీళ్ళుంటే 1, ఎక్స్‌రేలో బంతి మీద నొక్కు కనిపిస్తే 2, గిన్నె అంచు చెరిగితే 2. మీ పిల్లోడికి ఎక్స్‌రే చూడకముందే 5 వచ్చాయి. 6 దాటితే లేబ్రమ్ కుట్టు ఒక్కటే చాలదని వాళ్ళన్నారు. అలాంటప్పుడు లటార్జె ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. అంటే భుజం ముందున్న కోరకాయిడ్ ఎముక ముక్కను కండరంతో సహా తీసి గిన్నె అంచున స్క్రూలతో బిగించడం. 1954 నుంచి ఉన్న పద్ధతి. గిన్నె ఎముక 20-25 శాతం అరిగితే సాధారణంగా అదే దారి. ఈ మధ్య ఇంకా తక్కువ అరుగుదలకే జాగ్రత్తపడుతున్నారు.

నా సలహా ఒకటే. సెలక్షన్ల కంటే ముందు ఎమ్మారై. అందులో ఎముక మీద అనుమానం వస్తే సీటీ. భుజం ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్‌కు చూపించండి. ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది తర్వాతి మాట.

---

వాలీబాల్_అనంత
మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను యూనివర్సిటీ జట్టుకు స్పైకర్‌గా ఆడాను. కుడి భుజానికి లేబ్రమ్ కుట్టించుకున్నాను. పిల్లోడికి చెప్పండి సార్, ఆపరేషన్ రోజు కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాత, స్లింగ్ తీసేశాక రెండు మూడు నెలల మధ్యలో ఉంటుంది. నొప్పి ఉండదు, బయటికి అంతా బాగానే ఉన్నట్టుంటుంది. ఫిజియో మాత్రం గోడకు చెయ్యి ఆనించి నెట్టు, రబ్బరు లాగు అని అవే చేయిస్తుంటారు. జట్టు వాళ్ళేమో అవతల ఆడుతుంటారు. చాలామంది ఆ సమయంలోనే మానేస్తారు. నాతోపాటు ఆపరేషన్ అయిన ఒకమ్మాయి అప్పుడే స్మాష్ కొట్టి మళ్ళీ ఆసుపత్రికెళ్ళింది.

ఇంకొకటి. భుజం బాగుపడ్డాక కూడా బ్లాక్ చేయడానికి చేతులు పైకెత్తితే నా గుండె ఆగినంత పనయ్యేది. బలం వచ్చింది, కానీ నమ్మకం రాలేదు. దాని గురించి ఎవరూ అడగలేదు. మీరు అడగండి.

---

ఫిజియో_కడప
మంగళవారం, రాత్రి 8:05

అక్కా, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం. ఇప్పుడు దాన్ని కొలవడానికి ఎస్ఐ-ఆర్ఎస్ఐ అనే ప్రశ్నావళి ఉంది. మళ్ళీ జారుతుందని భయమేస్తోందా, భుజాన్ని మరిచిపోయి ఆడగలవా వంటి ప్రశ్నలుంటాయి. నేను తెలుగులో నోటితో అడుగుతాను. పిల్లలు కాగితం మీద మంచి మార్కులేసుకుంటారు, ఎదురుగా కూర్చుని అడిగితే నిజం చెబుతారు.

పీడీ సార్, ఎమ్మారై తీసి, సర్జన్ చూసేలోపు కూడా చేయించదగినవి ఉన్నాయి. ఆపరేషన్ అయినా కాకపోయినా ఈ పని తప్పదు. అయితే సర్జన్‌ను అడిగి, దగ్గర్లోని ఫిజియో కళ్ళ ముందు మొదలుపెట్టండి.

మొదట ఆపాల్సినవి. బెంచ్ ప్రెస్‌లో చేతులు వెడల్పుగా పెట్టడం, బార్ మెడ వెనక్కి దించడం, డిప్స్ (రెండు కడ్డీల మధ్య చేతుల మీద దిగి లేవడం), పెక్ డెక్ (చాచిన చేతులు ఛాతీ ముందుకు కలిపే యంత్రం) ఇవన్నీ బంతిని ముందుకే నెడతాయి. పుషప్స్ కూడా ఛాతీ నేలకు తగిలేదాకా వద్దు. మోచెయ్యి ఎప్పుడూ తన కంటికి కనిపించేలా శరీరానికి ముందు ఉండాలి. ఆ గుర్తు చెబితే పిల్లలు మరిచిపోరు.

తర్వాత రొటేటర్ కఫ్. నాలుగు చిన్న కండరాలు బంతిని గిన్నెలోకి నొక్కి పట్టుకుంటాయి. వీటికి బరువు కాదు, ఓపిక కావాలి. పక్కకు తిరిగి పడుకుని, నడుముకు మోచెయ్యికి మధ్య చుట్టిన టవల్ పెట్టి, అర లీటరు నీళ్ళ బాటిల్‌తో ముంజేతిని పైకి తిప్పడం. మోచెయ్యి టవల్ మీదే ఉండాలి. థెరాబ్యాండ్ అనే వ్యాయామం రబ్బరు పట్టీ దొరక్కపోతే సైకిల్ ట్యూబు సన్నగా కోసి కిటికీ ఊచకు కట్టండి. చెయ్యి బయటికి తిప్పడం, లోపలికి తిప్పడం రెండూ చేయాలి. మన పిల్లల్లో ఛాతీ వైపు బలం బాగా ఉంటుంది, వెనక వైపు ఏమీ ఉండదు. బయటికి తిప్పే బలం లోపలికి తిప్పే బలంలో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. ముప్పావు వంతు ఉంటే ఇంకా మంచిది.

రెక్క ఎముక సంగతి చాలామంది వదిలేస్తారు. గిన్నె ఉన్నది దాని మీదే. అది పక్కటెముకల మీద స్థిరంగా కదలకపోతే ఎంత కఫ్ బలం ఉన్నా వృథా. గోడ మీద పుషప్ తీసి, చివర్లో వీపు కాస్త గుండ్రమయ్యేలా ఇంకొంచెం నెట్టడం సెర్రేటస్ కండరానికి. బోర్లా పడుకుని చేతులు వై ఆకారంలో ఎత్తడం వీపు పైనుండే ట్రపీజియస్ కండరం కింది భాగానికి. అవి కుదిరాక గోడ నుంచి బల్లకు, బల్ల నుంచి నేలకు.

కబడ్డీకి ప్రత్యేకంగా కావాల్సింది చెయ్యి నేల మీద పెట్టి బరువు మోయడం. ప్లాంక్‌లో (పుషప్ భంగిమలో కదలకుండా) ఉండి ఒక చేత్తో ఇంకో భుజాన్ని తాకడం, ఎలుగుబంటి నడక, తర్వాత మోకాళ్ళ మీద నుంచి ముందుకు పడి చేతుల మీద ఆపుకోవడం. కళ్ళు మూసుకుని ప్లాంక్‌లో ఉన్నవాణ్ణి మీరు అటూ ఇటూ నెమ్మదిగా నెట్టండి. భుజం ఎక్కడుందో మెదడుకు తెలియాలి, అది గాయంతోపాటు దెబ్బతింటుంది.

ఇంకా చెప్పాలంటే కాళ్ళు. పట్టు చేత్తో పడుతుందని అనుకుంటాం. మంచి కార్నర్ కాళ్ళతో దగ్గరికి చేరి పట్టుకుంటాడు. కాళ్ళు వెనకబడినప్పుడే చెయ్యి చాస్తాడు, చాచిన చెయ్యే జారేది. మీ పిల్లోడు పట్టుకున్న తీరు మీరు రాశారు కదా, అది సరిగ్గా ఇదే. కాబట్టి వాడు బాగుపడటంలో సగం పని ఫిజియోది కాదు, మీది.

---

కర్నూలు_ఈతగత్తె_అమ్మ
బుధవారం, ఉదయం 10:30

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా పాపకు 14. ఈత నేర్చుకుంటోంది, పోటీలకు వెళ్తోంది. ఎప్పుడూ కింద పడలేదు, దెబ్బ తగల్లేదు. అయినా రెండు భుజాలూ టక్కుమని జారి లోపలికి వెళ్తాయంటుంది. స్నేహితురాళ్ళకు కావాలని జార్చి చూపిస్తుంది కూడా. బొటనవేలు వంచితే ముంజేతికి తగులుతుంది. ఒక చోట చూపిస్తే ఆపరేషన్ అన్నారు. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

---

ఫిజియో_కడప
బుధవారం, మధ్యాహ్నం 2:40

అమ్మా, ఇది పీడీ సార్ వాళ్ళ పిల్లోడి సమస్య కాదు, వేరే రకం. అక్కడ దెబ్బ తగిలి ఒక వైపు అంచు ఊడింది. మీ పాపకు పుట్టుకతోనే కీళ్ళు వదులు, అందుకే రెండు వైపులా, అన్ని దిక్కులా జారుతున్నాయి. ఇలాంటివాళ్ళకు మొదటి వైద్యం వ్యాయామమే. నెలల తరబడి శ్రద్ధగా చేశాక కూడా నిలవకపోతేనే ఆపరేషన్ మాట. ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు.

బొటనవేలు తగలడం వదులుతనం కొలిచే బైటన్ లెక్కలో ఒక అంశం. మొత్తం 9 పాయింట్లు. చిటికెన వేలు, మోచెయ్యి, మోకాలు, వంగి అరచేతులు నేలకు ఆనించడం కూడా చూస్తారు. ఆ లెక్క మీ దగ్గర్లో ఎవరైనా వేసి చెప్పగలరు.

ఈరోజు నుంచే చేయాల్సింది ఒకటుంది. కావాలని జార్చి చూపించడం మాన్పించండి, కోప్పడకుండా. అలా చేసిన ప్రతిసారీ తప్పు కండరం తప్పు సమయంలో పనిచేయడం అలవాటవుతుంది. ఆ అలవాటును మాన్పించడానికే మాకు ఎక్కువ కాలం పడుతుంది. పాపకు బరువులు ఇప్పుడే వద్దు. ముందు అద్దం ముందు కూర్చుని రెక్క ఎముకను కాస్త పైకి తిప్పి నిలపడం నేర్పాలి. అది నిలిచాక చెయ్యి కొంచెం కొంచెంగా ఎత్తాలి. ఈత పూర్తిగా ఆపక్కర్లేదు, కిక్ బోర్డు పట్టుకుని కాళ్ళ పని చేయవచ్చు. బోర్డు పట్టుకున్నా జారుతుంటే చేతులు ఒంటికి ఆనించి కాళ్ళు మాత్రమే. భుజాలు ఇంకా సాగదీసే స్ట్రెచింగ్ అసలు వద్దు. కోచ్‌లు ఈతగాళ్ళ చేతులు వెనక నుంచి పట్టి లాగుతుంటారు, దయచేసి మీ పాపకు అది చేయనివ్వకండి.

---

ఫాస్ట్_బౌలర్_అనంతపురం
బుధవారం, రాత్రి 9:15

మేడం, నాదీ ఒక సందేహం. జారలేదు. కానీ బౌండరీ నుంచి త్రో వేసిన వెంటనే చెయ్యి చచ్చుబడినట్టు అవుతుంది, కాసేపు బంతి పట్టుకోలేను. ఇక్కడి ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ గ్రౌండ్లు పెద్దవి, మన ఊళ్ళో గ్రౌండ్లలా కాదు, అక్కడ ఆడినప్పుడే ఎక్కువ.

---

ఆర్థో_కర్నూలు
బుధవారం, రాత్రి 11:50

తమ్ముడూ, పూర్తిగా జారకుండా సగం జారి వెనక్కి వచ్చినా ఇలాగే అవుతుంది. విసిరేవాళ్ళలో లేబ్రమ్ పైభాగం దెబ్బతిన్నా కావచ్చు. నరం నొక్కుకుపోయినా ఇలాంటి బాధే ఉంటుంది. చూపించుకోవాలి, ఇక్కడ మాటల్లో తేలేది కాదు. అప్పటిదాకా దూరం త్రోలు ఆపు. ఫీల్డింగ్ సర్కిల్‌లో ఉంటానని కెప్టెన్‌కు చెప్పు.

---

ఫిజియో_కడప
గురువారం, ఉదయం 7:00

దీనికి ఒక మాట కలుపుతా. విసిరే చెయ్యి బయటికి ఎక్కువ తిరగడం, లోపలికి తక్కువ తిరగడం సహజం. రెండూ కలిపిన మొత్తం కోణం రెండు చేతులకూ దాదాపు సమానంగా ఉండాలి. మొత్తమే తగ్గితే భుజం వెనక భాగం బిగుసుకుందని అర్థం. అప్పుడు వెనక భాగం సాగదీయాలి. చాలామంది కుర్రాళ్ళు ముందు భాగాన్నే సాగదీస్తారు, అది పూర్తిగా తలకిందుల పని. మళ్ళీ ఆటలోకి వచ్చేటప్పుడు కూడా త్రోలు లెక్కపెట్టుకో. దూరం, సంఖ్య, వేగం ఈ మూడింటిలో వారానికి ఒక్కటే పెంచు.

---

ప్రొద్దుటూరు_పీడీ
గురువారం, సాయంత్రం 6:20

కాళ్ళ గురించి రాసింది చదివి పాత వీడియోలు తీసి చూశాను. నిజమే, అలసిపోయిన రెండో సగంలో వాడు ఎప్పుడూ చెయ్యే ముందు చాస్తున్నాడు. ఎమ్మారైకి రేపు వెళ్తున్నాం.

నాకు ఒకటే స్పష్టత కావాలి. ఆపరేషన్ అయినా కాకపోయినా, చివరికి వాణ్ణి ఆడించే రోజున ఏం చూడాలి? ఎన్ని నెలలు అని అందరూ చెబుతారు. నెలలు గడిస్తే చాలా?

---

ఫిజియో_కడప
గురువారం, రాత్రి 10:30

నెలలు గడవాలి, కానీ అవి గడిస్తే చాలదు సార్. లోపల మానడానికి కాలం కావాలి, దాన్ని ఎవరూ తొందరపెట్టలేరు. ఆ కాలం అయ్యాక భుజం సిద్ధంగా ఉందా అన్నది విడిగా చూడాలి.

నేను చూసేవి ఇవి. చెయ్యి అన్ని వైపులకూ రెండో చేతితో సమానంగా కదలాలి. పైకెత్తి వెనక్కి తిప్పితే బిగబట్టకూడదు, మీరు మొదట గమనించిన ఆ బెదురు పూర్తిగా పోవాలి. బలం రెండో చేతిలో కనీసం 90 శాతం ఉండాలి. బలం కొలిచే యంత్రం ఖరీదు. సామాన్లు తూచే డిజిటల్ హుక్ కాటా ఒకటి కొని, గోడకు కట్టి, పట్టీ లాగించి చూడండి. అంకె కనిపిస్తుంది, ప్రతి వారం రాసి పెట్టుకోవచ్చు. ప్రతిసారీ అదే ఎత్తున, అదే భంగిమలో లాగించాలి.

ఇంకొకటి మీ కోర్టులోనే చేయవచ్చు. నేల మీద 91 సెంటీమీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. పుషప్ భంగిమలో ఒక్కో చెయ్యి ఒక్కో గీత మీద. 15 సెకన్లలో ఒక చెయ్యి తీసి అవతలి చేతిని తాకడం, మళ్ళీ గీత మీదికి, తర్వాత రెండోది. 21 తాకులు దాటితే మంచిది. మధ్యలో విశ్రాంతి ఇచ్చి మూడుసార్లు చేయించి సగటు తీయండి. అయితే ఇందులో నెగ్గితే చాలదు. రెండు చేతులూ కలిసి చేస్తాయి కాబట్టి బలహీనమైన చెయ్యి దాక్కోవచ్చు. అందుకే గోడకు ఆనుకుని కూర్చుని ఒక్కో చేత్తో విడిగా బరువైన బంతి నెట్టించి, ఎంత దూరం పోయిందో టేపుతో కొలుస్తాను.

ఇవన్నీ అలసట లేనప్పుడు ఒకసారి, పూర్తి ప్రాక్టీసు అయ్యాక ఇంకోసారి. మీరే రాశారు కదా రెండో సగంలో చెయ్యి చాస్తాడని. అలసిన భుజానికే పరీక్ష.

తర్వాత కోర్టులోకి మెట్టు మెట్టుగా. మొదట ఒంటరిగా కాళ్ళ పని. తర్వాత నడుస్తూ వచ్చే రైడర్‌కు చీలమండ పట్టు. తర్వాత చెయిన్ కట్టి (చేతులు కలుపుకుని) ఇద్దరితో పట్టు, వేగం సగం. ఆ తర్వాత డ్యాష్ (రైడర్‌ను ఢీకొట్టి బయటికి నెట్టడం), బ్లాక్ (అడ్డం నిలబడి ఆపడం). పడటం కూడా నేర్పాలి. చెయ్యి చాచి నేలకు ఆన్చకుండా, భుజం మడిచి దొర్లడం. జూడో పిల్లలు మొదటి రోజు నేర్చుకునేది అదే, మన కబడ్డీలో ఎవరూ నేర్పరు. అనంతపురం వైపు జూడో నేర్పేవాళ్ళున్నారు, ఒకసారి పిలిపించండి. పూర్తి స్థాయి ప్రాక్టీసు కొన్ని వారాలు ఏ ఇబ్బందీ లేకుండా జరిగాకే మ్యాచ్. అదీ మొదట్లో సబ్‌స్టిట్యూట్‌గా కొన్ని నిమిషాలు.

---

లెఫ్ట్_కార్నర్_18
శుక్రవారం, రాత్రి 8:45

అందరికీ నమస్కారం. సార్ చెబితే అకౌంట్ తెరిచాను. నా గురించే కదా మాట్లాడుతున్నారు, అన్నీ చదివాను. నాకొకటే అడగాలనుంది. భుజానికి బ్రేస్ వేసుకుని ఈ సెలక్షన్లు ఒక్కటి ఆడి, తర్వాత ఆపరేషన్ చేయించుకుంటే కాదా? వచ్చే ఏడాది నాకు జూనియర్స్ వయసు దాటిపోతుందేమో. స్పోర్ట్స్ కోటా మీదే ఆశ పెట్టుకున్నాను.

---

ఆర్థో_కర్నూలు
శనివారం, ఉదయం 6:10

తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. దాచకుండా చెబుతాను. సీజన్ మధ్యలో బ్రేస్ వేసుకుని ఆడేవాళ్ళున్నారు. కొన్ని వారాల్లోనే కోర్టుకు తిరిగి వచ్చేవాళ్ళూ ఉన్నారు. కానీ అలా వచ్చినవాళ్ళలో ఎక్కువ మందికి అదే సీజన్‌లో మళ్ళీ జారుతుంది. బ్రేస్ చెయ్యి పూర్తిగా పైకి పోకుండా ఆపుతుంది. నీ ఆటలో అవతలివాడు 75 కిలోల బరువుతో లాగుతాడు, గుడ్డపట్టీ అంత బలాన్ని ఆపలేదు. పైగా చెయ్యి కదలని కార్నర్‌ను సెలక్టర్లు ఏం చూసి తీసుకుంటారు?

నీకు ఇప్పటికే రెండుసార్లు జారింది. ఇప్పుడు లేబ్రమ్ కుడితే సరిపోతుందేమో. ఇంకో మూడుసార్లు జారాక ఎముక అతికించే పెద్ద ఆపరేషన్ కావాల్సి రావచ్చు. శ్రేయస్ అయ్యర్‌కు 2021 మార్చిలో పూణేలో ఇంగ్లండ్‌తో వన్డేలో ఫీల్డింగ్ చేస్తూ ఎడమ భుజం జారింది. ఏప్రిల్‌లో ఆపరేషన్. ఆ ఏడాది ఐపీఎల్ మొదటి సగం పోయింది. సెప్టెంబర్‌లో దుబాయ్‌లో మళ్ళీ బ్యాటు పట్టాడు. ఆ తర్వాత ఎంత ఆడాడో నీకే తెలుసు. ఆయనకున్న సౌకర్యాలు నీకు లేవు, అది నిజమే. కానీ నీకున్న వయసు ఆయనకు అప్పుడు లేదు.

---

వాలీబాల్_అనంత
శనివారం, ఉదయం 9:30

తమ్ముడూ, వయసు లెక్క భయంతో కాదు, కాగితం మీద చూసుకో. పుట్టిన తేదీ పెట్టి మీ సార్‌తో కూర్చో. జూనియర్స్ దాటితే సీనియర్స్ ఉన్నాయి, యూనివర్సిటీ జట్లున్నాయి. నేను యూనివర్సిటీకి ఆడింది ఆపరేషన్ తర్వాతే. భయం వేస్తే భయం వేస్తోందని చెప్పు. సంక్రాంతికి జారిన సంగతి దాచినట్టు దాచకు. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే నాకు మెసేజ్ పెట్టు.

---

పాతకాలం_రైడర్
శనివారం, సాయంత్రం 4:00

అబ్బీ, వీళ్ళు చెప్పింది విను. మా జట్టులో నాతో ఆడిన ఒకడికి ఇలాగే పదే పదే జారేది. ముప్పై ఏళ్ళొచ్చేసరికి నిద్రలో పక్కకు తిరిగినా జారేది, చొక్కా వేసుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావాల్సొచ్చేది. అప్పట్లో మాకు ఇవన్నీ చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడున్నారు.

ఫిజియో అమ్మా, ఒకటి చెప్పు. ఊళ్ళో మ్యాచ్‌లో ఎవరికైనా జారితే అక్కడికక్కడ ఏం చేయాలి? మేం కాలు చంకలో పెట్టి లాగేవాళ్ళం.

---

ఫిజియో_కడప
శనివారం, రాత్రి 7:15

పెద్దాయనా, ఇది అడిగినందుకు చాలా సంతోషం. ఆ లాగడం ఎవరూ చేయకూడదు. ఎముక విరిగి ఉంటే తెలియకుండా లాగితే నరం, రక్తనాళం దెబ్బతింటాయి. చెయ్యి ఏ స్థితిలో హాయిగా ఉందో అదే స్థితిలో తువ్వాలు, దిండు పెట్టి ఆనించండి. వేళ్ళు కదులుతున్నాయా, వేళ్ళలో స్పర్శ ఉందా, మణికట్టు దగ్గర నాడి కొడుతోందా చూడండి. ఐసు గుడ్డలో చుట్టి పెట్టండి. తినడానికి తాగడానికి ఏమీ ఇవ్వకండి, మత్తివ్వాల్సి రావచ్చు. ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎంత తొందరగా వెళ్తే అంత సులువుగా కూర్చుంటుంది. కండరాలు బిగుసుకున్నకొద్దీ కష్టమవుతుంది.

---

ప్రొద్దుటూరు_పీడీ
తర్వాతి గురువారం, రాత్రి 9:00

ఎమ్మారై, సీటీ రెండూ అయ్యాయి. లేబ్రమ్ ఊడింది. గిన్నె ఎముక అరుగుదల తక్కువేనట, బంతి మీద నొక్కు చిన్నది. నరం బాగుంది. లేబ్రమ్ కుట్టి, ఆ నొక్కులోకి వెనక కండరాన్ని కూడా కుడితే బాగుంటుందని సర్జన్ అన్నారు. వాళ్ళ నాయన మొదట ఒప్పుకోలేదు. ఈ చర్చ మొత్తం ఫోన్‌లో చదివి వినిపించాను. పాతకాలం రైడర్ గారు చివర్లో రాసింది విన్నాక సరేనన్నాడు. కాలేజీ పరీక్షలయ్యాక ఆపరేషన్. ఈ సెలక్షన్లకు వెళ్ళడం లేదు. ఖర్చు సంగతి, కార్డుకు ఏం వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడిగి కనుక్కుంటున్నాం.

పిల్లోడు అడగమన్న ప్రశ్నలు రెండు. ఆపరేషన్ దాకా ఏం చేయాలి? ఆపరేషన్ తర్వాత బైక్ ఎప్పుడు నడపవచ్చు? కాలేజీకి రోజూ బైక్ మీదే వస్తాడు.

---

ఆర్థో_కర్నూలు
శుక్రవారం, ఉదయం 6:30

సర్జన్ చెప్పిన రెండో కుట్టును రెంప్లిసాజ్ అంటారు. నొక్కు ఉన్న కుర్రాళ్ళకు మంచి ఆలోచనే. దానివల్ల చెయ్యి బయటికి తిరగడం కొంచెం తగ్గవచ్చు, కార్నర్‌కు అది పెద్ద అడ్డు కాదు.

స్లింగ్ సాధారణంగా నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. స్లింగ్‌లో ఉన్నన్నాళ్ళూ బైక్ ముట్టుకోకూడదు, వెనక కూర్చోవడం కూడా జాగ్రత్తగా. తర్వాత కూడా గుంతల రోడ్డు మీద హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాల్సి వస్తుంది, సడన్ బ్రేక్ వేయాల్సి వస్తుంది. చెయ్యి బలంగా, బెదురు లేకుండా పనిచేసేదాకా వద్దు. మూడు నెలల దగ్గర సర్జన్‌నే అడగమనండి. చెయ్యి పైకెత్తి వెనక్కి తిప్పే పని కూడా సుమారు అప్పటిదాకా వద్దు. ఒంటికి ఒళ్ళు తగిలే ఆట ఆరు నెలలకంటే ముందు వద్దు, అదీ మేడం చెప్పిన పరీక్షలన్నీ నెగ్గితేనే.

---

ఫిజియో_కడప
శుక్రవారం, ఉదయం 7:20

ఆపరేషన్ దాకా టవల్ వ్యాయామం, గోడ పుషప్, కాళ్ళ పని, నడుము బలం. పరుగు ఫరవాలేదు, పట్టులు వద్దు. హుక్ కాటాతో ఇప్పుడే రెండు చేతుల అంకెలూ రాసి పెట్టండి సార్. ఎడమ చేతి అంకె రేపు మనకు కొలమానం, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత విశ్రాంతిలో అది కూడా కొంత తగ్గుతుంది. వాడిది కుడి చేతి వాటమే కదా? అయితే కుడి చేతికి మామూలుగానే ఎడమకంటే కాస్త ఎక్కువ బలం ఉండాలి, 90 దగ్గర ఆగిపోకుండా 100 దాటించండి.

---

ప్రొద్దుటూరు_పీడీ
శుక్రవారం, రాత్రి 9:10

కుడి చేతి వాటమే మేడం. కాటా తెచ్చాను. రేపు సాయంత్రం ప్రాక్టీసు తర్వాత జట్టులో అందరికీ కొలుస్తాను, వాడొక్కడికే కాదు.